మిల్లు యజమాని చందా

ఉప్పెన తర్వాతి ఏడాది బందరులో మేం నలుగురు టీచర్లం కలిసి చిన్న సంఘం నడిపేవాళ్ళం. పల్లెల్లో పంచాయతీ మెంబర్లయిన ఆడవాళ్ళు ఆఫీసులకు, మీటింగులకు రావడానికి బస్సు ఛార్జీలిచ్చేవాళ్ళం. డబ్బు ఎప్పుడూ చాలేది కాదు.

గుడివాడలో ఒక రైస్ మిల్లు యజమాని చందా ఇస్తానంటే, హంసలదీవి వైపు మెంబరొకామెను వెంటబెట్టుకుని వెళ్ళాను. చేపలమ్ముకునే మనిషి. భర్త కూడా తోడు వచ్చాడు. మిల్లాయన ఫొటోగ్రాఫరును పిలిపించి, సిల్కు లాల్చీ సర్దుకుని, కవరు ఆ భర్త చేతిలో పెట్టబోయాడు.

"మెంబరు ఈవిడండీ," అన్నాను.

"ఆడవాళ్ళకి డబ్బు సంగతులేం తెలుస్తాయమ్మా?" అని భర్త వైపు తిరిగాడు. "మీ ఊరి చెరువు వేలంపాట మా బావమరిదికి వచ్చేలా పంచాయతీలో మీ ఆవిడ చేత చెయ్యెత్తించవయ్యా."

భర్త చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆమె మాత్రం తొణకలేదు.

"చెరువు ఊరిదండీ. మీ కవరు మీరే ఉంచుకోండి."

"మర్యాద తెలీని జనం," అని నవ్వాడాయన. ఊరి చెరువును బస్సు ఛార్జీలకు కొనబోయినవాడికి మర్యాద కావాల్సొచ్చింది! ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ నెల ఛార్జీలు మా జీతాల్లోంచే తలా కొంత వేసుకున్నాం. ఆమె బందరు వచ్చి, వేలం అందరి ఎదుటా జరగాలని అర్జీ పెట్టింది. అలాగే జరిగింది. బావమరిదికి చెరువు దక్కలేదు.