నేను చెరిపేసిన చెయ్యి

2023, వానాకాలం. కొండాపూర్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాటు. హాల్లో పెద్ద కిటికీ, దానికి నేలదాకా వేలాడే గోధుమరంగు కర్టెన్, కర్టెన్ ముందు ఒక చెక్క పీట. పీట మీద పద్నాలుగు నెలల రిషి. ఎదురుగా నేల మీద బోర్లా పడుకుని, కెమెరా కంటికి ఆనించి, నోటితో కాకిలా అరుస్తున్నది నేను. పిల్లల ఫొటోలు తీసేవాళ్లకు సిగ్గు పనికిరాదు.

అప్పటికి ఈ ఫ్యామిలీ ఫొటోగ్రఫీలోకి వచ్చి మూడేళ్లయింది. అంతకుముందు గచ్చిబౌలిలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. మా అమ్మాయి మైత్రి పుట్టాక సెలవులో ఇంట్లో ఉండి, దాని ఫొటోలు తీస్తూ తీస్తూ ఆ పిచ్చిలో పడ్డాను. సెలవు అయిపోయింది గానీ పిచ్చి వదల్లేదు. ఉద్యోగం మానేస్తానంటే మా ఆయన రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడో రోజు లెన్స్ కొనుక్కొచ్చాడు. మైత్రి చిన్నప్పటి ఫొటోలే నా పోర్ట్‌ఫోలియో అయ్యాయి. కొత్త క్లయింట్లకు మన పనితనం చూపించుకునే ఆల్బమ్‌ని అలా అంటాం. శని, ఆదివారాలు షూట్లు. మిగతా రోజుల్లో మైత్రి స్కూల్లో ఉన్న నాలుగు గంటలూ ఎడిటింగ్. నేను షూట్‌కి వెళ్లినప్పుడు చందానగర్‌లో మాతోనే ఉండే మా అత్తమ్మ దాన్ని చూసుకునేది.

రిషి వాళ్లమ్మ స్వాతి గారిది భీమవరం. ఇక్కడ ఐటీ ఉద్యోగం. మొదటి ఫోన్‌లోనే ఆవిడ నన్ను హెచ్చరించారు, బాబు కొత్తవాళ్లని చూస్తే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తాడని, యాదమ్మ పక్కనుంటే మాత్రం ఫరవాలేదని. యాదమ్మ వాళ్లింట్లో ఆయా. యాభై దాటిన మనిషి. రిషికి నాలుగు నెలలు నిండినప్పటి నుంచి రోజూ పొద్దున్నే హఫీజ్‌పేట్ నుంచి వచ్చి, స్వాతి గారి మీటింగులన్నీ అయ్యేదాకా వాడిని చంకన వేసుకుని తిరిగేది.

ఆవిడ చెప్పినట్టే అయింది. అమ్మ ఒళ్లో ఏడ్చాడు, నాన్న భుజం మీద ఏడ్చాడు. యాదమ్మ చెయ్యి వీపుకి తగిలితేనే నోరు మూశాడు. దీనికి మా పనిలో ఒక ఉపాయం ఉంది. పెద్దవాళ్లు కర్టెన్ వెనక కూర్చుంటారు. గుడ్డ సందులోంచి ఒక చెయ్యి మాత్రం బయటపెట్టి పిల్లవాడి వీపు పట్టుకుంటారు. తర్వాత కంప్యూటర్‌లో ఆ చేతిని తీసేస్తాం. పక్కనున్న గుడ్డ ముక్కను కాపీ చేసి చేతి మీద అతికించడమే, దాన్ని క్లోనింగ్ అంటారు. చూసేవాళ్లకు బిడ్డ ఒంటరిగా, మహారాజులా కూర్చున్నట్టు కనిపిస్తాడు.

యాదమ్మని కర్టెన్ వెనక కూర్చోమన్నాను. ఆమె ఆ రోజు జరీ అంచు ఆకుపచ్చ చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, చేతుల నిండా కొత్త గాజులు వేసుకుని వచ్చింది. అది నా కంటపడకపోలేదు. గాజుల మెరుపు లెన్స్‌లోకి కొడుతోందని, వాటిని మోచేతి దాకా తోసుకోమని కూడా చెప్పాను. ఆమె అన్నీ పైకి తోసుకుంది.

ఫొటోలు అద్భుతంగా వచ్చాయి. ఒకదాంట్లో రిషి నోరంతా తెరిచి నవ్వాడు. దాంట్లోంచి యాదమ్మ చెయ్యి తీసేయడానికి నాకు గంట పట్టింది. ముంజేతి మీద పాతకాలపు పచ్చబొట్టు, దాని నీడ, కర్టెన్ మడతలు, అన్నీ సరిచేశాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియనంత శుభ్రంగా కుదిరింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆల్బమ్ పంపించిన వారానికి స్వాతి గారు ఫోన్ చేశారు. యాదమ్మ కూతురికి నెలలు నిండాయట. యాదమ్మ సోమవారం పొద్దున్నే జహీరాబాద్‌లో ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతోందట, ఇక అక్కడే ఉండిపోతుందట. "వెళ్లేటప్పుడు ఏదైనా ఇవ్వాలి కదండీ. ఏం కావాలని అడిగితే, ఆ రోజు బాబుతో తీసిన ఫొటో ఒకటి చాలంది. ఒక మంచిది ఫ్రేమ్ కట్టించి ఇవ్వగలరా?" అన్నారు. ఫొటో ఎవరికోసమో నాకు అంత స్పష్టంగా చెప్పారు. అయినా నేను ఏరికోరి, నా పనితనం బాగా కనిపించే ఆ నవ్వుల ఫొటోనే ఫ్రేమ్ కట్టించాను.

శుక్రవారం తీసుకెళ్లి ఇచ్చాను. యాదమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని ఫ్రేమ్ అందుకుంది. చాలాసేపు చూసింది. "బాబు మంచిగొచ్చిండు" అంది. తర్వాత ఫ్రేమ్‌ని కిటికీ వెలుతురు వైపు తిప్పి, కర్టెన్ ఉన్నచోట వేలితో తడిమింది.

"ఈడ నా చెయ్యి ఉండె గద బిడ్డా, యాడికి పాయె?"

చేతులు తీసేయడం మామూలేనని, అందరివీ అలాగే తీసేస్తామని ఏదో చెప్పాను. చెబుతుంటేనే నా గొంతు నాకు నచ్చలేదు.

"అట్లనా. నాకు తెల్వది" అంది. ముఖంలో కోపమేమీ లేదు. "నేను గూడ వస్త అనుకున్న. అందుకే మా బిడ్డ పెండ్లికి కట్టిన చీర కట్టుకొచ్చిన." అలా అని, రిషికి అన్నం కలపాలంటూ వంటింట్లోకి వెళ్లింది.

నాకు తల కొట్టేసినట్టయింది. స్వాతి గారు సోఫాలో చతికిలబడి, తప్పు మీ ఒక్కరిదే కాదండీ అన్నారు. ఆల్బమ్ మొత్తం రెండుసార్లు చూసి, చాలా బాగుందని మెసేజ్ పెట్టానని, ఏదో లోటుందన్న సంగతి తనకూ తట్టలేదని చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. చేతిని తిరిగి తెస్తానని మాట ఇచ్చి బయటపడ్డాను.

తేవడం కష్టం కాదు. కెమెరాలో పడ్డ అసలు ఫొటోని రా ఫైల్ అంటాం. మనం ఎన్ని మార్పులు చేసినా అది చెక్కుచెదరదు. ఇంటికి వెళ్లి తెరిస్తే చెయ్యి ఉన్నచోటే ఉంది. కానీ ఉన్నది చెయ్యి మాత్రమే. ఆ రోజు తీసిన వాటిల్లో ఒక్కదాంట్లో కూడా యాదమ్మ ముఖం లేదు. కర్టెన్‌లోంచి వచ్చిన చెయ్యొక్కటి ఫ్రేమ్ కట్టించి ఇస్తే, ఆ మనిషిని రెండోసారి అవమానించినట్టే అనిపించింది.

ఇలా పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు కనిపించే ఫొటో నేనెప్పుడైనా తీశానా అని పాత ఫోల్డర్లు వెతకడం మొదలుపెట్టాను. మైత్రి మొదటి ఏడాది రా ఫైళ్లు తెరిచాను. ఒకదాంట్లో ఒక మోచెయ్యి. ఇంకోదాంట్లో నేత చీర అంచు. ఇంకోదాంట్లో మైత్రి మెడ కింద బొటనవేలు, పక్కన సగం చెంప. అన్నీ మా అత్తమ్మవి. పోర్ట్‌ఫోలియోలో వాటిలో ఒక్కటీ లేదు. నాకు పేరు తెచ్చిన ప్రతి ఫొటోలోంచీ ఆమెను నా చేత్తోనే చెరిపేశాను.

స్కూల్ నుంచి తెచ్చిన మైత్రిని చంకన వేసుకుని అత్తమ్మ నా వెనకే నిలబడి చూస్తోంది.

"అది నేనే గద" అంది.

"మీరే అత్తమ్మా. అన్నిట్లోంచీ తీసేశాను."

"నాకు తెలుసు తియ్యి. నా ముఖం అడ్డం రావద్దని నేనే పక్కకు వంగి కూసునేదాన్ని. నడుము మస్తు గుంజేది" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పమని కూర్చోబెట్టింది. యాదమ్మ సంగతంతా చెప్పాను.

అంతా విని, "ముందు ఆమెది చూడు. సోమవారం ఎల్లిపోతది. నాదేముంది, ఇంట్లనే ఉన్న" అంది.

స్వాతి గారికి చెప్పి, ఆదివారం ఫొటో తీయడానికి మళ్లీ వాళ్ల ఫ్లాటుకి వెళ్లాం. అత్తమ్మ కూడా మైత్రిని వెంటేసుకుని వచ్చింది. యాదమ్మ మొదట, ఇగ ఎందుకు బిడ్డా అని మొహమాటపడింది గానీ, అదే ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. ఈసారి పీట తీసేసి కుర్చీ వేశాను. గాజులు కిందికి దించుకోమన్నాను. అత్తమ్మ చేతికి రిఫ్లెక్టర్ ఇచ్చాను. కిటికీ వెలుగుని ముఖాల మీదికి మళ్లించే వెండిరంగు పళ్లెం లాంటి గుడ్డ అది. మైత్రి కింద నుంచి దాని అంచు పట్టుకుని, తానే మోస్తున్నట్టు ఫోజు పెట్టింది.

తీరా కూర్చోబెట్టాక రిషి ఒక్కసారీ నా వైపు చూడడు. కాకి అరుపులు, పిల్లి అరుపులు, గిలక్కాయలు, ఏవీ పనిచేయలేదు. వాడి కళ్లు యాదమ్మ ముఖం మీదే. మైత్రి ఫొటోల్లో నా గొప్పతనమంతా సూటిగా లెన్స్‌లోకి చూసే కళ్లే. నాకు చెమటలు పట్టాయి. అత్తమ్మ రిఫ్లెక్టర్ వెనక నుంచి, "ఎందుకు పరేషాన్ అయితవు? ఆడు సూడాల్సినోళ్లనే సూస్తుండు" అంది.

కాకిలా అరవడం ఆపేసి, ఊరికే తీశాను. దూరంగా నిలబడ్డ స్వాతి గారిని యాదమ్మే పిలిచింది. ఆవిడ వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. రిషి ఒక చెయ్యి యాదమ్మ చెంప మీద వేసి, రెండో చేత్తో వాళ్లమ్మ జుట్టు పట్టుకున్నాడు. ముగ్గురిలో ఒక్కరూ కెమెరాని పట్టించుకోలేదు. నేను తీసిన ఫొటోల్లో అంత మంచిది నాకింకొకటి గుర్తులేదు.

చందానగర్‌లో తెలిసిన ల్యాబ్‌లో సాయంత్రానికల్లా ప్రింటు తీయించి, హఫీజ్‌పేట్‌లో వాళ్లింటికే తీసుకెళ్లి ఇచ్చాను. యాదమ్మ సర్దుకున్న సంచీ విప్పి, చీరల మధ్య దాన్ని భద్రంగా పెట్టుకుంది.

"నా బిడ్డకు చూపిస్త. పట్నంల మీ అమ్మ ఏం పని చేసిందో చూడు అని."

ఆ మాట విన్నాక నా పద్ధతి మారింది. ఇప్పుడు షూట్ ఒప్పుకునే ముందు కుటుంబంలో ఎంతమంది అని అడగను. బిడ్డను రోజూ ఎత్తుకునేదెవరు అని అడుగుతాను, వాళ్లను కూడా మంచి బట్టలు కట్టుకుని ఉండమని చెప్పమంటాను. చేతులు చెరపడం మానేశాను. నేను కెమెరా పట్టుకోవాలంటే నా బిడ్డను మరొకరు పట్టుకోవాలన్న చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు, ఒక యాదమ్మ అవసరమయ్యారు. పోర్ట్‌ఫోలియో కూడా మార్చేశాను. దాంట్లో ఇప్పుడు మోచేతులున్నాయి, బొటనవేళ్లున్నాయి, సగం చెంపలున్నాయి.

అత్తమ్మ పూర్తి ముఖం మాత్రం ఇంకా సరిగ్గా చిక్కలేదు. మైత్రిని ఒళ్లో పెట్టి కెమెరా ఎత్తగానే, అలవాటు కొద్దీ పక్కకు వంగిపోతుంది. ప్రతిసారీ వెళ్లి భుజాలు పట్టుకుని, నిటారుగా కూర్చోండి అత్తమ్మా అని సరిచేసి వస్తుంటాను.