సాంబ్రాణి పట్టిన కారు

నర్సీపట్నం దాటగానే నా పాత కారు మళ్ళీ కుదపసాగింది. ఇంజన్ పోయిందని, తుక్కుకు అమ్మేయమని మెకానిక్ అప్పటికే చెప్పేశాడు. రోడ్డు పక్కన ఆపి స్వామిని తలుచుకుంటుంటే, బస్సు కోసం నిలబడ్డ ఓ పెద్దాయన వచ్చి బానెట్ తెరిపించారు. ఎయిర్ ఫిల్టర్ పక్కనున్న సెన్సార్ వైరు తీసేసి, "ఇప్పుడు స్టార్ట్ సెయ్యమ్మా" అన్నారు.

కుదుపు ఆగిపోయింది!

"ఇంజన్ బంగారంనాగుంది. గాలి కొలిసే ఈ సెన్సారే తప్పు సెప్తంది. ఇంత మసేటమ్మా దీనికి?" అంటూ దాన్ని ఊడదీసి చూపించారు.

"శుక్రవారం శుక్రవారం ఇంజన్ ఆన్ చేసి, బానెట్ ఎత్తి సాంబ్రాణి వేస్తానండీ."

"దేవుడికెయ్యమ్మా, దీనికొద్దు!" అని నవ్వుతూ, అంతలో వచ్చిన బస్సెక్కేశారు.

కొత్త సెన్సార్‌తో నా కారు లంబసింగి ఘాట్ ఒక్క కుదుపు లేకుండా ఎక్కేసింది. సాంబ్రాణి ఇప్పుడు ఇంట్లోనే వేస్తున్నాను. పేరూ గోత్రమూ తెలియని ఆయన కోసమూ ఒక దణ్ణం పెడుతున్నాను.