ఒక గొట్టంలో ఇద్దరు

ఉమ్మడం చేతకాక రెండు కుటుంబాలను ఏడిపించిన మనిషిని ఎప్పుడైనా చూశారా? ఆ మహాతల్లిని నేనే. ఉమ్మడం కూడా ఒక విద్యేనా అని మూతి విరవకండి. ఆ రోజు ఏలూరులో నా పక్కన కూర్చుని ఉంటే మీకే తెలిసేది.

మా సునీతను తాడేపల్లిగూడెం ఇచ్చాం. దాని కొడుకు చింటూకి మూడేళ్ళు నిండినా నోట మాట లేదు. ఏం కావాలన్నా వేలు చూపిస్తాడు, చెయ్యి పట్టుకుని లాగుతాడు, అంతే. చెవులు బాగానే ఉన్నాయన్నారు. చివరికి జన్యువుల పరీక్ష చేయిస్తే ఒకదానిలో చిన్న మార్పు కనబడింది. అదే మార్పు సునీతలోనూ ఉందట. ఇక చూడండి మా వియ్యపురాలి దరువు! "మా వంశంలో అందరూ ఏడాదికే గలగలా మాట్లాడారండీ. ఇది అటువైపు నుంచి దిగిందే" అని పాలు పోసేవాడితో సహా అందరికీ చెప్పింది. నా కూతురు అన్నం ముందు కూర్చుని కంచంలో గీతలు గీయడం మొదలుపెట్టింది.

ఆ జన్యువు పేరు సీఎన్ఓటీ త్రీ. అదేం చేస్తుందో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

"మన ఒంట్లో కణాలన్నిటిలో ఆర్ఎన్ఏ అనే కబుర్లు తిరుగుతుంటాయండీ. ఏం తయారుచెయ్యాలో చెబుతాయి. పని అయ్యాక కబురు అక్కడే ఉండిపోకూడదు. దానికో తోక ఉంటుంది. ఆ తోక కత్తిరించే బృందంలో ఈ జన్యువు చేసే ప్రోటీన్ ఒకటి. తోక పోయాక కబురు కరిగిపోతుంది."

"చేపలు కోసినట్టేగా అండీ?"

"అలాగే అనుకోండి."

"మరి మేం కొల్లేటివాళ్ళం. పుట్టినప్పట్నుంచీ తోకలు కోస్తూనే ఉన్నాం. ఆ పనిలో మాకు వంక పెడతారేంటండీ?" అన్నాను ఒళ్ళు మండి.

ఆవిడ నవ్వు ఆపుకుంది. "వంక కాదమ్మా. ఈ మార్పు హాని చేసేదో కాదో ఇంకా తేలలేదు. సునీతకు మాట వేళకే వచ్చిందన్నారు. ఇదే మీలోనూ ఉండి, మీకూ చిన్నప్పుడు మాట ఆలస్యం కాకపోతే, దీని తప్పు లేదనడానికి ఇంకొంత బలం వస్తుంది."

"మా అమ్మకా అండీ? మాట ఆలస్యమా?" అంది సునీత. అది నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, మా ఊరికే వినే ఓపిక లేదు.

ఆ పరీక్షకు ఉమ్ము ఇస్తే చాలట. అలా నా కూతురి మనశ్శాంతి నా ఉమ్ము మీద ఆధారపడింది.

తోడుగా మా తోడికోడలు మంగను తీసుకుని ఏలూరు వెళ్ళాను. నర్సు ఒక గొట్టం చేతికిచ్చి, "ఈ గీత వరకూ నింపాలండీ. నురగ లెక్కలోకి రాదు" అని లోపలికి పోయింది. గొట్టం మీద పేరు నేనే రాశాను. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు. నా పేరు ఇంకెవరినీ రాయనివ్వను.

పేరు బాగానే వచ్చింది, ఉమ్మే రాలేదు. మామూలప్పుడు ఎదుటివాళ్ళు తుడుచుకునేంత తుంపర్లు పడే నోరు, ఆ గొట్టం చూడగానే ఎండాకాలపు కొల్లేరులా బీటలు వారింది.

"చింతకాయ తలుచుకో అక్కా" అంది మంగ.

తలుచుకున్నాను. మా చెట్టు కాయలు దులిపేసిన పక్కింటివాళ్ళు గుర్తొచ్చి కోపం వచ్చింది గానీ ఉమ్ము రాలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆసుపత్రిలో ఉమ్మేవాడు అందరికీ లోకువ. ఎంత తంటాలు పడినా గీతకు వేలెడు దూరంలో ఆగిపోయింది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. చేపల చెరువు పట్టుబడి రోజున ఎవరి తట్టా వెలితిగా లారీ దగ్గరకు పోకూడదు. పక్కనున్న మనిషి తన తట్టలోంచి నాలుగు చేపలు వేసి నింపాల్సిందే. చూస్తూ ఊరుకుంటే తప్పు.

మంగ చూస్తూ ఊరుకునే మనిషి కాదు. "ఇలా తే అక్కా" అని గొట్టం లాక్కుని, రెండుసార్లు తుపుక్కుమంది. గీత దాటింది. పని తెలిసిన మనుషులమని మురిసిపోతూ ఇంటికొచ్చాం.

కొన్ని వారాలకు ఫోను వచ్చింది.

"నాగరత్నం గారాండీ? మీ శాంపిల్ పనికిరాలేదండీ. అందులో ఇద్దరు మనుషులున్నారు."

"ఇద్దరా? నా నోట్లోనా? గొట్టం మీద నా చేత్తో నా పేరు రాశానయ్యా! రెండో పేరేమన్నా ఉందా?"

"పేరు ఒకటేనండీ, మనుషులే ఇద్దరు."

"మీరే ఎవరిదో కలిపేసి, పెద్దదాన్ని పట్టుకుని నిందలు వేస్తారా? ఉమ్ము కాపాడటం చేతకానివాళ్ళు పరీక్షలెందుకు పెట్టుకున్నారు?"

అతను "ఆయ్, ఆయ్ అండీ" అంటూనే ఉన్నాడు. పక్కనుంచి మంగ నా కొంగు లాగింది. "అక్కా, ఆ రెండో మనిషిని నేనే కామోసు."

"నువ్వెందుకవుతావే? నువ్వు సాయం చేశావు!"

"సాయం చేసినా నా ఉమ్ము నాదేగా అక్కా."

నేను ఫోను పెట్టేశాను. సంగతి గూడెం చేరింది. "ఉమ్ములో కూడా కల్తీయేనా వదినగారూ?" అని వియ్యపురాలు ఫోను చేసి మరీ అడిగింది. అది భరించాను. ఆ వెనకే సునీత మెల్లగా, "మళ్ళీ అన్ని వారాలు ఆగాలా అమ్మా?" అంది. అది మాత్రం భరించలేకపోయాను.

రెండోసారి మంగను వీధిలోనే నిలబెట్టాను. మళ్ళీ నోరెండింది. అప్పుడు వియ్యపురాలి 'కల్తీ' గుర్తొచ్చింది. పళ్ళు పటపటలాడాయి, ఉమ్ము ఊరింది. గొట్టం నిండి నా చెయ్యి తడిసింది. ఆవిడకు నేను చెప్పుకోవలసిన కృతజ్ఞత అదొక్కటే.

ఫలితం వచ్చింది. నాలోనూ అదే మార్పు ఉంది! "అయితే మాట ఆలస్యానికి ఇది కారణం కాకపోవచ్చండీ. మాటల శిక్షణ మాత్రం మానకండి" అంది డాక్టరమ్మ. సునీత ఆ పూట రెండోసారి అన్నం వడ్డించుకుంది.

నేను ఊరుకుంటానా? గూడెం వెళ్ళి వియ్యపురాలిని ఎదురుగా కూర్చోబెట్టి మొదలుపెట్టాను. కల్తీ దగ్గర మొదలెట్టి, వంశం మీదుగా, తోకల దాకా వచ్చాను. చింటూ వచ్చి నా ఒళ్ళోకెక్కాడు. చిన్న అరచెయ్యి నా నోటికి అడ్డంపెట్టి అన్నాడు:

"ఆగు!"

సునీత చేతిలో గరిటె కిందపడింది.

"చూశారా వదినగారూ," అంది వియ్యపురాలు కళ్ళు తుడుచుకుంటూ, "పిల్లాడికి ఇన్నాళ్ళూ సందు దొరకలేదంతే!"

అందుచేత పాఠక మహాశయులారా, కొల్లేటి నీళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నా వెలితి ఎవరిచేతా నింపించుకోను, ఎవరి గొట్టంలోనూ సాయానికి ఉమ్మను. ఆగమంటే ఆగుతానని మాత్రం ప్రమాణం చెయ్యను. ఆ ఒక్క మాట వాడి నోట వందసార్లు వినాలని ఉంది.