చుక్కలున్న రెగ్జిన్

లంపాంగ్ ఊళ్లో పాత కార్ల సీట్లు కుట్టించాలంటే అందరూ సొంపోంగ్ షాపుకే వెళ్తారు. సొంపోంగ్ పోయి పదకొండేళ్లయింది. బతికున్నప్పుడు మాత్రం ఆయన ఏనాడైనా సూది పట్టాడా! బయట కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పేవాడు, లోపల భార్య ఒరపిన్ నడుం విరిగేలా కుట్టేది. అయినా బోర్డు మీద ఆయన పేరే, జనం నోట్లో ఆయన పేరే. ఈ ఏడు పాత కార్ల పోటీలో లోపలి పనికిచ్చే షీల్డు కొట్టాలి, దానిమీద తన పేరు చెక్కించుకోవాలి. ఒరపిన్ పట్టిన పంతం అది.

ఆమె సొంత డాట్సన్ డెబ్బై రెండు నాటిది. తలుపు పిడులు చియాంగ్‌మాయ్‌లో దొరికాయి, సిగరెట్ బూడిద గిన్నె ఓ కోళ్లఫారం వెనక దొరికింది. రూఫ్ లోపల వేసే చిల్లుల తెల్ల రెగ్జిన్ ఒక్కటే ఆరేళ్లు ఏడిపించింది. చివరికి లంపూన్ తుక్కు యార్డులో విప్పని చుట్ట ఒకటి కనబడితే, దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది.

పోటీ రోజు జడ్జి తవీసక్ కార్లోకి తల దూర్చి అన్నీ మెచ్చుకున్నాడు. పైకి చూసి మొహం చిట్లించాడు. డ్రైవర్ తలపైన, కొత్త తెలుపు మధ్యలో, పళ్లెమంత పాతబడి పసుపెక్కిన రెగ్జిన్ ముక్క అతికి ఉంది. దానిమీద తొమ్మిది తెల్లమట్టి చుక్కలు.

"ఈ మచ్చేంటి పిన్నీ?"

"మచ్చ నీ కళ్లలో ఉంది. కారు కొన్నరోజు బండికి ఏ ఆపదా రాకూడదని మా గుడి పెద్దస్వామి మంత్రం చదివి తన వేలితో పెట్టిన చుక్కలవి. ఆయనిప్పుడు లేడు."

"ఫ్యాక్టరీ వాళ్లు చుక్కలు పెట్టి పంపలేదుగా! పీకేసి కొత్త ముక్క వెయ్యండి, షీల్డు మీదే."

"వెయ్యను."

"ఎందుకండీ అంత మొండితనం?"

"ఖున్‌తాన్ కొండ దిగుతుంటే బ్రేకులు పోయి బండి బోల్తా కొట్టినా, ఈ చుక్కల కింద నాకు గీత కూడా పడలేదు. అప్పుడు నీ ఫ్యాక్టరీ వచ్చి నన్ను కాపాడిందా?" ఒరపిన్ గొంతు పెద్దదైంది. "ఈ వరసలో ప్రతి రూఫూ నేను కుట్టిందే. పైకి చూసుకోండయ్యా! మీ చుక్కలేవీ? పాతది చెత్తలో పడెయ్యమని మీరే చెప్పారుగా!"

వరసగా పెట్టిన కార్ల పక్కన నిలబడ్డ మగాళ్లంతా ఎవరి కార్లోకి వాళ్లు తొంగిచూశారు. తవీసక్ మొహం పాలిపోయింది. అతని కారు రూఫూ ఒరపిన్ కుట్టిందే, ఆ కారు వాళ్ల నాన్నది.

"మా నాన్న పెట్టించినవి... అవీ పారేశారా?"

ఒరపిన్ డిక్కీలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది. లోపల చుక్కలతో పద్నాలుగు గుండ్రటి ముక్కలు, ఒక్కోదానికీ కారు నంబరు కుట్టి ఉంది.

"పారెయ్యడానికి నాకేమైనా పిచ్చా?"

"మరి ఇన్నాళ్లూ ఇవ్వలేదేం?"

"అడిగితే కదా!"

అతను చెయ్యి చాపాడు. ఆమె డబ్బా వెనక్కి లాక్కుంది.

"షీల్డు ఎవరికిచ్చుకుంటావో ఇచ్చుకో. మీ నాన్న ముక్క నేనే కుట్టి పెడతాను. ముందు ఇది చెప్పు, కారు ఏ షాపుకి తెస్తావు?"

"సొంపోం..." అని నాలిక్కరుచుకున్నాడు తవీసక్. వరసంతా వినేలా గట్టిగా అన్నాడు.

"ఒరపిన్ పిన్ని షాపుకి."