బిస్కెట్ల లైన్ గోల్‌కీపర్

అప్పట్లో మా నాచారంలో మనిషికొక భయం ఉండేది. నల్లా నీళ్లు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతాయోనని ఒకరికి, షిఫ్టు తప్పుతుందేమోనని ఒకరికి, ఓనరమ్మ ఇల్లు ఖాళీ చేయమంటుందేమోనని ఇంకొకరికి. ఇవన్నీ నాకూ ఉండేవి. వీటికి తోడు నాకొక్కదానికే ఇంకో భయం ఉండేది. తెల్లగా, గుండ్రంగా, చిన్న బత్తాయంత ఉండే హాకీ బంతి. రాస్తున్నావా చిన్నీ? రాయి. (ఇది నా మనవరాలు. నేను ‘జేసిన’ అంటే ఇది ‘చేశాను’ అని రాస్తోంది. బడిలో అలాగే రాయాలట. రాసుకోనీ. ఎదుటివాళ్ల మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను.) నేను హాకీ ఆడానంటే నువ్వు నమ్మవని నాకు తెలుసు. మీ అమ్మ కూడా నమ్మదు, అది కళ్లారా చూసింది గనక.

తెలంగాణ ఇంకా రాలేదు. ఉప్పల్ రంగారెడ్డి జిల్లాలో ఉండేది. మెట్రో ఊసే లేదు. నేను నాచారంలో ఒక బిస్కెట్ల కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. మీ తాత మల్లాపూర్‌లో లేత్ మిషన్ మీద ఉండేవాడు, అక్కడ నెలలో పది రోజులు పనుంటే ఇరవై రోజులు మిషన్ తుడుచుకుంటూ కూర్చోవడమే. అందుకని ఇంటికి నా పనే ఆధారం. ఆ పని ఏంటంటే, పొయ్యి నుంచి బిస్కెట్లు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. విరిగింది, మాడింది కనబడితే కుడిచేత్తో తీసి, ఎడమ పక్కన వెనక ఉన్న టబ్బులో పడేయాలి. వెనక్కి చూడకూడదు. చూస్తే ఈలోపు ముందు నాలుగు విరిగినవి వెళ్లిపోతాయి. ఎనిమిది గంటలు అదే. ఆరేళ్లు చేశాక ఆ చెయ్యి నా మాట వినడం మానేసింది. ఒకసారి పెళ్లి బంతిలో పక్కావిడ విస్తట్లో విరిగిన అప్పడం కనబడితే టక్కున తీసి వెనక పడేశాను. వెనక వరసలో పెళ్లికొడుకు మేనత్త కూర్చుని ఉంది. ఆ సంగతి వేరే.

మా లైన్‌కి ఇన్‌చార్జి ఒకావిడ ఉండేది, మేమంతా పొడుగక్క అనేవాళ్లం. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆమెతో మాట్లాడాలంటే టోపీ పట్టుకుని పైకి చూసేవాడు. చిన్నప్పుడు బడిలో హాకీ ఆడిందట. ఆ పిచ్చి మళ్లీ పట్టుకుని, కంపెనీ ఆడవాళ్లతో ఒక జట్టు కడతానని బయల్దేరింది. ఒకరోజు క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి చెప్పింది.

“చెల్లె, ఒక ముచ్చట చెప్తా, ఎవ్వరితోని అనకు. కాంట్రాక్టోళ్లల్ల కొందర్ని పర్మినెంట్ జేస్తున్రట. మన జట్టు జిల్లా దాకా వోతే, జట్టుల ఉన్నోళ్లకే ముందుగాల.”

“నిజమా అక్కా?”

“నేనెందుకు అబద్ధమాడ్త? గోల్‌కీపర్ జాగ ఒక్కటే ఖాళీ ఉన్నది. ఉరికేది లేదు, దుంకేది లేదు. ఊకె నిలవడుడే.”

పర్మినెంట్ అంటే ఏంటో నీకు తెలీదు చిన్నీ. పర్మినెంట్ అంటే జ్వరం వస్తే దవాఖానా కార్డు ఉండటం. రేపు గేటు దగ్గర ఆపుతారేమోనని రాత్రి నిద్ర చెడకపోవడం. ఊరికే నిలబడితే అదంతా వస్తుందంటే ఎవరు కాదంటారు? నేను సరేనన్నాను. మిగతా వాళ్లంతా ఆ జాగా ఎందుకు వద్దన్నారో అడగాలని నాకు తోచలేదు.

మాకు నేర్పించడానికి రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన వచ్చేవాడు. నోట్లోంచి విజిల్, అంటే మా మాటలో సీటీ, తీయకుండానే మాట్లాడేవాడు గనక సీటీ సార్ అని పేరు పెట్టుకున్నాం. మొదటి రోజు సాయంత్రం నా కాళ్లకు పరుపుల్లాంటి ప్యాడ్లు కట్టి, తలకు హెల్మెట్ తొడిగి గోల్‌లో నిలబెట్టారు. ఆ హెల్మెట్‌లో అంతకుముందు ఎన్ని తలలకు చెమటలు పట్టాయో దాని వాసనే చెప్పేది. లోపల నా ఊపిరి నాకే ప్రెషర్ కుక్కర్‌లా వినబడుతోంది. పొడుగక్క దూరం నుంచి బంతిని కొట్టింది. అది నా చెవి పక్క నుంచి వెళ్లి వెనక చెక్కకు ‘ఫట్’మని తగిలింది. ఆ చప్పుడు నా కడుపులో ఇప్పటికీ ఉంది. అప్పుడు అర్థమైంది, ఊరికే నిలబడటమంటే ఏంటో.

ఆ రోజు నుంచి నేనొక పద్ధతి కనిపెట్టాను. బంతి వస్తుంటే కళ్లు గట్టిగా మూసుకుని, కాళ్లు దగ్గర పెట్టి, తెలిసిన దేవుళ్లందరినీ పిలవడం. తగిలితే ఆగినట్టు. తగలకపోతే గోల్. హెల్మెట్‌కి అడ్డంగా ఊచలు ఉండేవి గనక బయటివాళ్లకు నా కళ్లు కనబడేవి కావు. సీటీ సార్‌కి మాత్రం అనుమానం వచ్చింది.

“బిడ్డా, బంతిని సూస్తున్నవా?”

“సూస్తున్న సార్.”

“ఇప్పుడొచ్చింది కుడిదిక్కు. నువ్వు ఎడమదిక్కు తిరిగి ఎవరికి దండం వెట్టినవ్?”

ఇంట్లో సంగతి చెబితే మీ తాత నవ్వి, “నా లేత్ మీద ఇనుప ముక్కలు ముఖం మీదికి ఎగుర్తయి. నేను భయపడుతున్ననా? భయం ఎట్ల వోదో నేను సూస్త” అని ఉల్లిగడ్డల బుట్ట తెచ్చి వాకిట్లో నన్ను నిలబెట్టాడు. నాలుగు ఉల్లిగడ్డలు ఆపాను, కళ్లు మూసుకునే. ఐదోది నా చేతిలో పడి, వెనక్కి ఎగిరి పక్కింటి ఆయన గడ్డం గీసుకుంటున్న అద్దానికి తగిలింది. ఆ తర్వాత మీ తాత నెల రోజులు గల్లీలో తలొంచుకుని నడిచాడు. నా భయం ఉన్నచోటే ఉంది. నిద్రలో కూడా బంతి వచ్చేది. కాళ్లు తన్నుకునేదాన్ని. మీ అమ్మ అప్పుడు ఇంటర్, చాప తీసుకుని వంటింట్లోకి వెళ్లి పడుకునేది.

విచిత్రం ఏంటంటే మేం గెలుస్తూ వెళ్లాం. పొడుగక్క ముందు గోల్స్ కొట్టేది, మధ్యలో వాళ్లు అడ్డం పడేవారు, నా దాకా బంతి వచ్చేదే తక్కువ. కంపెనీల పోటీ గెలిచాం. చుట్టుపక్కల క్లబ్బుల పోటీలోనూ గెలిచాం. ప్రతి గెలుపుకీ అందరూ ఎగిరి గంతులేస్తుంటే నేను మాత్రం ‘అయ్యో, మళ్లీ ఇంకో మ్యాచ్ ఆడాలి కదా’ అని ఏడుపు ముఖం పెట్టేదాన్ని. అవి ఆనందబాష్పాలు అనుకునేవాళ్లు. మానేద్దామంటే పర్మినెంట్ పోతుంది. ఆడదామంటే పళ్లు పోతాయి. అలా అలా జిల్లా ఫైనల్ దాకా వచ్చి పడ్డాం.

ఫైనల్ పెట్టిన ఆదివారం బంద్ వచ్చింది. ఉద్యమం రోజులు కదా, బస్సులు లేవు, ఆటోలు లేవు, ఆట వాయిదా. నాకు ప్రాణం లేచొచ్చింది. ఉప్పల్ చౌరస్తాలో ఊరేగింపు పోతుంటే నేనూ వెళ్లి కలిశాను. తెలంగాణ రావాలని నాకూ ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు నా గొంతు అంత గట్టిగా లేవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పక్కన నడుస్తున్న పెద్దమనిషి “ఏం జోష్ ఉన్నదమ్మా నీకు!” అని మెచ్చుకున్నాడు. రెండోసారి పెట్టిన ఆదివారం కూడా బంద్. మళ్లీ వెళ్లాను, ఇంకా గట్టిగా అరిచాను. మూడో ఆదివారం పొద్దున్నే లేచి గల్లీ చివరి దాకా వెళ్లి చూశాను. పాల బండి తిరుగుతోంది. టిఫిన్ సెంటర్ షట్టర్ తీసి ఉంది. సిటీ బస్సు కూడా పోతోంది. ఆ రోజు ఎవరూ బంద్ పిలవలేదు.

ఎదుటి జట్టు హబ్సిగూడ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు. అందరూ ఇరవై లోపే. వాళ్లలో రెండు జడల పిల్ల ఒకతి ఉంది. అది స్టిక్ ఎత్తితే గాలి కూడా పక్కకు జరిగేది. మా వైపు గట్టు మీద కంపెనీ వాళ్లు కూర్చున్నారు. మీ తాత కూర్చున్నాడు, మీ అమ్మ తన ఫ్రెండ్స్‌ని కూడా పిలుచుకొచ్చింది. మొదటి సగంలో ఆ రెండు జడల పిల్ల మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ నేను కళ్లు మూసుకున్నాను, మూడుసార్లూ అది ప్యాడ్లకే తగిలింది. గట్టు మీద ఒకటే చప్పట్లు. “అరే, వదిన గోడ లెక్క నిలవడ్డది సూడుర్రి!” అని ఎవరో అరిచారు. గోడకు కళ్లుండవు కదా, అందుకని సరిగ్గానే అన్నారు.

గోల్ లేకుండానే ఆట చివరికొచ్చింది. ఇంక కాసేపు ఆగితే చాలని నేను విజిల్ కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. అప్పుడు ఆ పిల్ల గోల్ ముందరి గీత లోపలికి వచ్చి కొట్టబోయింది, మా వాళ్ల స్టిక్ ఏదో అడ్డొచ్చి దెబ్బ సరిగ్గా పడలేదు. బంతి మెల్లగా, నడుమెత్తున, అటూ ఇటూ కాకుండా తిన్నగా నా వైపు వచ్చింది. చిన్నీ, నా ఆట మొత్తంలో నేను భయపడని బంతి అదొక్కటే. అంత మెల్లగా వచ్చింది. మొట్టమొదటిసారి కళ్లు తెరిచి చూశాను. తెల్లగా ఉంది. దాని మీద పక్కన ఒక పెచ్చు లేచిపోయి ఉంది, అంచు విరిగిన బిస్కెట్టులా. అంతే. కుడిచెయ్యి స్టిక్ వదిలేసి వెళ్లింది, బంతిని తీసింది, ఎడమ పక్క నుంచి వెనక పడేసింది. నేను మళ్లీ ముందుకు చూస్తూ నిలబడ్డాను, తరవాతది వస్తుందని.

బంతి గోల్ లోపల దొర్లుకుంటూ వెళ్లి వెనక చెక్కకు ఆనింది. హాకీలో గోల్‌కీపర్ బంతిని పట్టుకోవడమే తప్పు. పట్టుకుని తన గోల్‌లో తనే వేసుకోవడానికి రూల్ రాయాలని ఎవరికీ తోచి ఉండదు. అంపైర్ కాసేపు నన్ను చూశాడు, కాసేపు బంతిని చూశాడు, తర్వాత గోల్ ఇచ్చాడు. సీటీ సార్ నోట్లోంచి విజిల్ జారి కింద పడింది. ఆ విజిల్ లేని నోరు చూడటం అదే మాకు మొదలు. ఆ ఒక్క గోల్‌తోనే ఓడిపోయాం.

ఎవరూ తిట్టలేదు, అదే ఇంకా భయం. ఇంటికొచ్చాక మీ తాత “ఉల్లిగడ్డను గూడ గట్లనే ఎనక పడేస్తివి, నాకు అప్పుడే సమజ్ కావాల్సిండె” అన్నాడు. నేను నవ్వలేదు. నా కళ్ల ముందు గేటు, గేటు దగ్గర నన్ను ఆపుతున్న సెక్యూరిటీ ఆయన, అంతే కనబడుతోంది. నాతో పాటు పది మంది నోట్లో మట్టి కొట్టానని రాత్రంతా కూర్చున్నాను. సోమవారం పొద్దున షిఫ్టు మొదలవకముందే, బెల్టు దగ్గరికి వెళ్లకుండా, తిన్నగా మేనేజర్ సార్ రూముకి పోయాను. ఆయన టీ తాగుతున్నాడు. కాళ్లకు ప్యాడ్లుంటే బాగుండుననిపించింది.

“సార్, తప్పంతా నాదే. జట్టోళ్లను ఏమనకుండ్రి. నా ఒక్కదాని పేరు తీసేయిండ్రి, వాళ్లను మాత్రం పర్మినెంట్ జేయిండ్రి.”

“ఏం తప్పు? ఏం జట్టు?”

“హాకీ జట్టు సార్. నిన్న నేనే గోల్ ఏసుకున్న.”

“మనకు హాకీ జట్టు ఉన్నదా?” అన్నాడాయన. నిజంగానే అడిగాడు. “పర్మినెంట్‌కూ దానికీ ఏం సంబంధమమ్మా? ఎన్నేళ్ల నుంచి పనిచేస్తున్నరో సూసి లిస్టు వేసినం. మూడు వారాలైంది, టైమాఫీస్ బోర్డు మీదనే ఉన్నది. నువ్వు సూడలే?”

నేను చూడలేదు. టైమాఫీసు ముందు గేటు దగ్గర ఉంది. ప్రాక్టీసుకు లేటవుతుందని మేం మూడు వారాలుగా వెనక గేటు నుంచి ఉరికేవాళ్లం, పొద్దున ముందు గేటులో వచ్చినా షిఫ్టు తప్పుతుందని బోర్డు వైపు తలెత్తేవాళ్లం కాదు. వెళ్లి చూస్తే నా పేరు ఏడోది. నా పేరు మీద ఎండ పడి కాగితం కాస్త రంగు కూడా వెలిసింది. ఆ కాగితం ముందు నిలబడి ఏడ్చాను, తర్వాత నవ్వాను, తర్వాత పొడుగక్క గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

“అక్కా, అబద్ధమాడితివి గదా!”

“ఆడిన,” అంది, బెల్టు మీంచి కళ్లు తీయకుండా. “ఆడకుంటే ఆ ప్యాడ్లు కట్టుకుంటుంటివా? పదిమందిని అడిగిన. బంతి తాకితే పండ్లు రాల్తయని అందరు ఉరికిన్రు. నీకే ఇంట్ల పైసల గరజు ఉండె.”

“నాకు నిద్ర లేకపాయె అక్కా!”

“నాకు ఉన్నదా? కండ్లు మూసుకునే గోల్‌కీపర్‌ను ఎనక వెట్టుకొని ముందట ఆడేది నేను.”

(అంటే ఆమెకూ తెలుసు. అందరికీ తెలుసు.) ఆమెతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఇంక ప్యాడ్ల ముఖం చూడనని మీ తాతతో చెప్పాను. కాళ్లు తేలికయ్యాయి, నిద్ర పట్టింది, మీ అమ్మ చాప తెచ్చుకుని మళ్లీ నా పక్కన పడుకుంది. పదో రోజు సాయంత్రం కూరగాయల సంచితో గ్రౌండ్ పక్క నుంచి పోతున్నాను. లోపల ప్రాక్టీసు నడుస్తోంది. గోల్‌లో ఎవరున్నారా అని చూశాను. నీళ్ల డ్రమ్ము ఉంది. నా జాగాలో ఒక డ్రమ్మును నిలబెట్టి, దానికి నా హెల్మెట్ తొడిగారు. బంతి వచ్చి తగిలితే డ్రమ్ము ‘డం’ అంటోంది, వీళ్లు చప్పట్లు కొడుతున్నారు.

“ఏంది సార్ ఇది?” అన్నాను, ఫెన్సింగ్ ఇవతలి నుంచే.

“నీకంటె మంచిగనే ఆపుతున్నది బిడ్డా,” అన్నాడు సీటీ సార్. “ఎవరికీ దండం వెడ్తలేదు.”

పొడుగక్క నా వైపు చూడలేదు. స్టిక్‌తో మట్టిని గీస్తూ నిలబడింది. ఆమెకు ఇంక చెప్పడానికి అబద్ధం ఏమీ మిగల్లేదు. నేను సంచి ఫెన్సింగ్‌కి తగిలించి లోపలికి వెళ్లి, డ్రమ్మును పక్కకు దొర్లించి, దాని తల మీది హెల్మెట్ తీసి నేను పెట్టుకున్నాను. అదే వాసన. పొడుగక్క స్టిక్ ఎత్తింది, నేను కళ్లు మూసుకున్నాను.

తెలంగాణ వచ్చిన ఏడాది దాకా ఆడాను. భయం పోయిందా అమ్మమ్మా అని అడుగుతున్నావు. పోలేదు. ఒక్క మ్యాచ్‌కి కూడా పోలేదు. కళ్లు తెరవడం మాత్రం కొంచెం కొంచెం వచ్చింది, మొదట ఒకటి, తర్వాత రెండు. ఇప్పుడు నాకు మెట్రోలో కదిలే మెట్లెక్కాలన్నా భయమే, నువ్వు చెయ్యి పట్టుకుంటే గానీ కాలు పెట్టను. అలాంటి నేను ఎవరూ రమ్మనకుండా, అక్కడ ఏదీ దొరకదని తెలిసి కూడా, వణుక్కుంటూ వెళ్లి ఆ గోల్‌లో నిలబడ్డానంటే ఒక్కోసారి ఆ మనిషి నేనేనా అనిపిస్తుంది. ఎదురైతే ఆమెను కూర్చోబెట్టి, ఎందుకు వెళ్లావే పిచ్చిదానా అని అడగాలని ఉంది. ఏమీ చెప్పదు, నాకు తెలుసు. హెల్మెట్ లోపల నవ్వుకుంటుంది.