సమాన కూలి నోటీసు

మొన్న ఉయ్యూరు వైపు వెళుతుంటే కారు కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన లోపలికి వచ్చింది. ఉప్పుడు బియ్యం మిల్లు దగ్గర్లో ఉంటే వచ్చే వాసన అది. తడి, పులుపు, ఊక పొగ కలిసి ఉంటుంది. మా అమ్మాయి అద్దం పైకెత్తేసింది. నాకు మాత్రం అరికాళ్లు చురుక్కుమన్నాయి. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే ఇంతే. ఆ వెంటనే దేవసహాయం గారు గుర్తొస్తారు.

ఆయన విజయవాడలో మా ఆఫీసుకి పెద్ద. నేను లేబర్ ఇన్‌స్పెక్టరుగా ఆయన కింద చేరేనాటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. అంతకుముందు పంతులమ్మగా చేశాను. ఆయన పొట్టిగా, నల్లగా ఉండేవారు. మాట తక్కువ. వాళ్లమ్మ గుడివాడ దగ్గర ఒక ఉప్పుడు మిల్లు కళ్లంలో వడ్లు తిరగేసి ఆయన్ని చదివించిందట. ఆదివారం చర్చిలో ఆమె పక్కన కూర్చుంటే, ఎంత కడుక్కున్నా పాదాల పగుళ్లలో ఊక కనిపించేదని ఒకసారి చెప్పారు. నేను ఏ ఫైలు పట్టుకెళ్లినా "మనుషుల్ని చూసొచ్చావా అమ్మా?" అని అడిగేవారు. అది ఆయన ఊతపదమనుకునేదాన్ని.

ఎమర్జెన్సీ రోజులవి. ఒకే పనికి ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే కూలి ఇవ్వాలని కొత్తగా చట్టం వచ్చింది. ఇంకోపక్క ఉత్పత్తి పెరగాలి, ఏ మిల్లూ ఆగకూడదు అని ప్రతి మీటింగులోనూ పైవాళ్లు చెప్పేవారు. రెండు మాటలూ వచ్చి మా బల్లల మీదే పడేవి. నాకు మొదటిదే వినిపించేది. ఆడదాన్ని కదా, ఆ చట్టం నా కోసమే వచ్చినంత సంబరంగా ఉండేది.

దేవసహాయం గారు హైదరాబాదు వెళ్లిన వారంలో ఉయ్యూరు రోడ్డు మీదున్న ఒక మిల్లుకి తనిఖీకి వెళ్లాను. సిమెంటు కళ్లం మీద పద్నాలుగు మంది ఆడవాళ్లు ఉడికిన వడ్లు కాళ్లతో తిరగేస్తున్నారు. పక్కనే అదే పని చేస్తున్న మగవాళ్లకి కూలి బాగా ఎక్కువ. ఎండ మండిపోతోంది. నేను కళ్లంలోకి దిగలేదు. గుమాస్తా గదిలో ఫ్యాను కింద కూర్చుని, రిజిస్టరు చూసి, నోటీసు రాసి ఇచ్చాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాలో నేనే నవ్వుకున్నట్టు గుర్తు.

పది రోజుల తర్వాత ఆ ఆడవాళ్లు ఆఫీసుకి వచ్చారు. మెట్లెక్కి వస్తున్న వాళ్లని చూసి, కృతజ్ఞత చెప్పడానికి వచ్చారనుకుని లేచి ఎదురెళ్లాను. ముందున్నావిడ పేరు కోటమ్మ అని తర్వాత తెలిసింది. ఆమె నా మొహంలోకి చూసి, గొంతు పెంచకుండా అడిగింది.

"కాయితం రాసింది నువ్వేనా తల్లీ? మమ్మల్నందర్నీ మానిపించేశారు. మగోళ్లకిచ్చే కూలే ఇయ్యాలంటే మగోళ్లనే పెట్టుకుంటామన్నారు. మమ్మల్నొక్క మాట అడక్కపోయావా?"

నవ్వబోయిన మొహం అలాగే బిగుసుకుపోయింది. చట్టంలో ప్రతి అక్షరం చదివాను. దాన్ని అమలు చేసిన మర్నాడు ఏం జరుగుతుందన్న ఊహే నాకు తట్టలేదు.

దేవసహాయం గారు గదిలోంచి బయటికొచ్చారు. అంతా విని, వాళ్లందరి ముందూ చేతులు జోడించారు. "తప్పు మాదేనమ్మా" అన్నారు. గుమాస్తాలు రాయడం ఆపేశారు. సర్కారు ఆఫీసులో ఒక అధికారి నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. నన్ను ఒక్క మాటనలేదు. "రేపు నువ్వూ రా. చెప్పులు విప్పి కళ్లంలో నడుద్దువుగాని" అన్నారంతే.

మర్నాడు నడిచాను. నాలుగడుగులకే అరికాళ్లు కాలిపోయి గట్టుకి పరిగెత్తాను. ఆయన గొంతుక్కూర్చుని గుప్పెడు వడ్లు తీసి, ఒక గింజ కొరికి, మిల్లు యజమాని వైపు చూశారు.

"ఎక్కువ ఎండిపోయాయండీ. ఇవి మరలో పోస్తే సగం నూకే. వేళ చూసి తిరగెయ్యడం మీ కొత్తవాళ్లకి తెలీదు. ఆ ఆడవాళ్లకి తెలుసు."

యజమాని చెడ్డవాడు కాదు. అలసిపోయి ఉన్నాడు. "నిజమేనండీ, నూక పెరిగింది. కానీ వచ్చే ఏడు ఆరబెట్టే మిషను వస్తోంది, బ్యాంకు లోను కూడా అయింది. మిల్లు నిలబడకపోతే ఆడకీ మగకీ కూడా కూలుండదు. ఆ సంగతి మీ చట్టంలో ఉందాండీ?"

"లేదండీ. నాకు తెలుసు. అందుకే కోర్టుకెళ్లకుండా మీ దగ్గరకొచ్చాను. ఆడవాళ్లన్న కారణంతో పన్లోంచి తీసేస్తే అదీ ఆ చట్టం ప్రకారం తప్పే. ఇద్దరం ఆలోచిద్దాం."

మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు. చివరికి యజమాని ఎనిమిది మందిని తీసుకుంటానన్నాడు. సమాన కూలికే, మిషను వచ్చాక దాని దగ్గర పని కూడా వాళ్లకే. మిగిలిన ఆరుగురికి చోటు లేదు. ఆఫీసు దాకా నడిపించిన కోటమ్మని అసలే తీసుకోనన్నాడు.

"వద్దు సార్, ఒప్పుకోవద్దు" అన్నాను నేను. గేటు బయట నిలబడ్డ కోటమ్మ దగ్గరకి దేవసహాయం గారే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆమె గేటులోంచి కళ్లం వైపు ఒకసారి చూసింది.

"పెట్టెయ్యండయ్యగారూ సంతకం. ఎనిమిదిళ్లల్లో పొయ్యి వెలుగుద్ది" అంది.

ఆయన సంతకం పెట్టారు. తిరుగు బస్సులో పెనమలూరు దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నారు. "నువ్వు తెలియక పద్నాలుగు మంది కూడు తీశావు. నేను తెలిసి ఆరుగురి కూడు తీశాను. ఏది పెద్ద పాపమో నాకు తెలీడం లేదమ్మా."

ఆ మాటకి నేను ఉలిక్కిపడ్డాను. అప్పటిదాకా నా దృష్టిలో ఆయన గెలిచి వస్తున్న మనిషి.

ఆ తర్వాత ఆదివారాలు చర్చి అయ్యాక సైకిలు మీద చుట్టుపక్కల మిల్లులు తిరిగి ముగ్గురికి పని ఇప్పించారు. కోటమ్మ మాత్రం మళ్లీ మిల్లు గడప తొక్కనని నాట్లకి పోయింది. మిషను చెప్పినట్టే మరుసటేడు వచ్చింది. దాని దగ్గర నలుగురు ఆడవాళ్లు పనిచేయడం తనిఖీలో నేనే చూశాను. దేవసహాయం గారు రిటైరయ్యేటప్పుడు సన్మానం వద్దని, టీ తాగి ఇంటికెళ్లిపోయారు.

నేనింకా చాలా ఏళ్లు ఆ ఉద్యోగం చేశాను. ఏ నోటీసు రాసేముందైనా, అది ఎవరి కోసమో వాళ్ల పక్కన కూర్చుని "ఇది రాస్తే రేపు పొద్దున నీకేమవుతుంది?" అని అడిగేదాన్ని. వాళ్లు చెప్పింది విని కొన్నిసార్లు ఇంకా గట్టిగా రాశాను. కొన్నిసార్లు కలం మూసేసి, యజమానితో మాట్లాడటానికి వెళ్లాను. రెండింట్లోనూ పొరపాట్లు చేశాను. అడగకుండా మాత్రం చేయలేదు.

ఆ ఒప్పందం కాగితంలో ఎనిమిది మంది పేర్లున్నాయి. మిగిలినవాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు. కోటమ్మ, సువార్తమ్మ, మంగమ్మ, రాహేలు, చిన్న వెంకాయమ్మ. ఇవి నాకు నోటికి వచ్చు. ఆరో ఆవిడ ఆకుపచ్చ చీర కట్టుకుని వెనకాల నిలబడింది. ఆమె పేరు నేను అడగలేదు.