సముద్రతీరపు వైన్, శాంపిల్ ఒకటి

నా ఉద్యోగాన్నీ, నిశ్చితార్థాన్నీ, పరువునూ ఒకే సీసాలో పోసి, దానికి మూత కూడా పెట్టకుండా వదిలేసిన ఘనుణ్ణి నేను. ఆ విపత్తు ఎలా జరిగిందో వరుసగా చెబుతాను. వరుస తప్పితే నాకు అన్నం అరగదు.

సౌదీలోని బురైదాలో ఒక పళ్లరసాల ఫ్యాక్టరీ ల్యాబులో నా ఉద్యోగం. ఇంకో ఎనిమిది రోజుల్లో జగిత్యాలలో నా నిశ్చితార్థం. సెలవు కాగితం మా ముదీర్ అబూ సాలెహ్ బల్ల మీద ఉంది. ముదీర్ అంటే మేనేజరు. ఆయన సంతకం పెడితేనే ఊరెళ్లి తిరిగి రావడానికిచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా, అది చేతికొస్తేనే విమానం. సరిగ్గా ఆ వారమే కొత్త మెషీన్ బిగించడానికి ఇటలీ నుంచి మార్కో దిగాడు.

మెషీన్ గురించి రెండు ముక్కలు చెబితే వైన్ గురించి ఇరవై చెప్పేవాడు మార్కో. వాళ్ల తాత ద్రాక్షతోట సముద్రం పక్కన కొండవాలులో ఉందట.

"పగలంతా ఎండ ద్రాక్షను వండుతుంది. సాయంత్రం సముద్రపు గాలి వచ్చి చల్లారుస్తుంది. అందుకే మా ఎర్ర వైన్ మొదటి గుక్కలో నల్ల చెర్రీ, రెండో గుక్కలో తడి రాయి. మింగాక చాలాసేపు నోట్లో సముద్రం!" అనేవాడు కళ్లు మూసుకుని.

నేను జన్మలో వైన్ చుక్క ముట్టలేదు. అయినా ఒళ్లు ఝల్లుమంది! ఒక్క గ్లాసులో కొండ, ఎండ, గాలి, సముద్రమా? మేం రోజూ కొలిచే రసంలో తీపీ పులుపూ తప్ప ఏముందండీ? ఈ దేశంలో వైన్ దొరకదు, దొరకకూడదు కూడా. మరి మత్తు లేకుండా ఆ రుచి ఒక్కటే తయారు చేస్తే? నాలోని కెమిస్ట్రీ పట్టభద్రుడు చొక్కా చేతులు మడిచాడు.

ఎర్ర ద్రాక్షరసం రెండు వందల మిల్లీలీటర్లు. వగరుకు నల్ల టీ. పులుపుకు నాలుగు చుక్కల వెనిగర్. చెర్రీకి చెర్రీ జామ్. పీపా చెక్క వాసనకు, ఇక్కడ ఇళ్లల్లో పొగ వేసుకునే ఊద్ చెక్క ముక్క. సముద్రానికి చిటికెడు ఉప్పు. తడి రాయికి... నవ్వకండి, ఫ్యాక్టరీ వెనక ఏరిన గులకరాయి. పది నిమిషాలు ఉడకబెట్టాకే వేశాను, మనకు శుభ్రత ముఖ్యం.

మంచి వైన్‌ను మూత తీసి కాసేపు గాలి పీల్చుకోనివ్వాలని మార్కో చెప్పాడు. 'కాసేపు' అనేది కొలత కాదు కాబట్టి ఇరవై నాలుగు గంటలని ఖాయం చేసుకున్నాను. ల్యాబులో లేబుల్ లేని సీసా ఉండరాదని నియమం కనుక ఇంగ్లీషులో గుండ్రటి అక్షరాలతో రాశాను: "ఇటాలియన్ రెడ్ వైన్, సముద్రతీరం, శాంపిల్ 1." కింద నా పూర్తి పేరు, ఉద్యోగి నంబరు, తేదీ, సమయం, సంతకం. ఏ పోలీసూ ఇంత శుభ్రంగా కేసు రాయలేడు.

మర్నాడు పొద్దున్నే సీసా ముదీర్ చేతిలో ఉంది.

"ఎష్ హాదా?" అన్నాడు. ఏమిటిది అని.

నాతో పనిచేసే కడప ఖాజా భాయ్ లేబుల్ చదివి తల పట్టుకున్నాడు. "ఏం పని జేసినావురా సామీ! పేరు, నంబరు గూడా రాసినావే! ఫోటో గూడా అంటించకపోయినావా?"

"లేబుల్ లేకుంటె తప్పు గద భాయ్!"

"జైలుకు పొయ్యేటోనికి నియమమేందిరా!"

ముదీర్ నా వైపు తిరిగి తన హిందీ అందుకున్నాడు. "అందర్ షరాబ్ హై?"

"నహీ సర్! జూస్, చాయ్, జామ్, నమక్!"

"పత్థర్ క్యోం?"

ఉప్పు సముద్రానికి సర్, రాయి రాయికే సర్ అని ఏ భాషలో చెప్పను?

"టెస్ట్ కరో," అన్నాడాయన. సున్నా వస్తే సరే. రాకపోతే సెలవు కాదు, ఫైనల్ ఎగ్జిట్. అంటే ఉద్యోగం ఊడి శాశ్వతంగా ఇంటికి.

సీసాను ఆల్కహాలు కొలిచే మెషీన్ దగ్గరికి తీసుకెళ్తూ ఖాజా భాయ్ చెవిలో గొణిగాను. "భాయ్, ద్రాక్షరసం మూత దీసి పెట్టిన. పులిసి ఉంటె?"

"ఎంతసేపు పెట్టినావురా?"

"నిన్న పొద్దుగాల నుంచి. గాలి పీల్చుకోవాలని."

"అది పీల్చింది గాలి గాదురా, నీ పానం!"

నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో నిశ్చితార్థం ఆగిపోవడం, పెళ్లికూతురు వాళ్ల నాన్న మా నాన్నతో ఫోన్లో మాట్లాడడం, అన్నీ కళ్లముందే జరిగిపోయాయి. చివరికి తెర మీద అంకె పడింది. సున్నా! ఖాజా భాయ్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

ముదీర్ అంకె రెండుసార్లు చూసి, ఓ చెంచాడు నోట్లో వేసుకున్నాడు. ఆయన మొహం పిండేసిన నిమ్మచెక్కలా అయింది. అంతలో మార్కో వచ్చి, లేబుల్ చూసి ఆనందంతో గడగడా తాగేశాడు. తర్వాత మూతి తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మిత్రమా, దీన్ని వైన్ అన్నావంటే మా ఊళ్లోనూ అరెస్టు చేస్తారు."

రెండేళ్లలో ముదీర్ నవ్వడం అదే మొదటిసారి చూశాను. వైన్ అయితే ఇక్కడ నేరం, కాకపోతే అక్కడ నేరం. నిలబడటానికి నాకు మిగిలింది జగిత్యాల ఒక్కటే. ఆయన అక్కడికక్కడే నా సెలవు కాగితం తెప్పించి సంతకం గీకేశాడు. "యల్లా, వెళ్లు. శాంపిల్ రెండు మొదలుపెట్టకముందే వెళ్లిపో!"

నిశ్చితార్థం నిక్షేపంగా జరిగింది. నవగ్రహాల సాక్షిగా ఆరోజే ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఎవరైనా కళ్లు మూసుకుని ఏదైనా రుచి గురించి చెప్పబోతే, నేను చెవులు మూసుకుంటాను.